టోర్కీ కాంపౌండరమ్మ

టోర్కీ టౌన్ హాల్‌కి నేను మొదటిసారి వెళ్లింది కౌన్సిల్ ట్యాక్స్‌లో మా ఆయన పేరు కూడా చేర్పించడానికి. ఇంగ్లండ్‌కి నైరుతి మూలన, డెవన్ కౌంటీలో, సముద్రం ఒడ్డున ఉన్న ఊరు ఇది. అప్పటికి మేం ఇక్కడికి వచ్చి మూడు నెలలైంది. క్యూలో నా ముందు నిలబడ్డ పెద్దాయన మాట కలిపాడు. నేను హాస్పిటల్లో ఫార్మసిస్టునని చెప్పగానే ఆయన మొహం వెలిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ టౌన్ హాల్ రెడ్ క్రాస్ ఆసుపత్రిగా ఉండేదట. ఇక్కడే ఒక అమ్మాయి సైనికులకు మందులు కలిపి ఇచ్చేదట. ఆ అమ్మాయి పేరు అగాథా క్రిస్టీ.

పేరు తెలియకేం? తెనాలిలో మా వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌తో మొదలుపెట్టి, ఇంటర్‌కి వచ్చేసరికి అదే షాపులో అట్టలు ఊడిన అగాథా క్రిస్టీ పుస్తకాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. హంతకుడు ఎవరన్న ఆత్రమే తప్ప, రాసినావిడ ఎవరో ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆవిడ మా వృత్తి మనిషని ఆ రోజు వరకూ నాకు తెలియదు.

మా తాతయ్య కూడా అదే పని. తెనాలిలో ఒక డాక్టరు గారి దగ్గర కాంపౌండరు. తెర వెనక చిన్న గది, కల్వం, త్రాసు, వరసగా సీసాలు. మిక్చర్ పోసిన సీసాకి పక్కన కాగితం పట్టీ గాట్లు కత్తిరించి అంటించేవాడు, ఒక్కో గాటు ఒక్కో మోతాదు. డాక్టరు గారు చీటీలో ఏదైనా పొరపాటు రాస్తే ఏం చేసేవాడివి తాతయ్యా అని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు గురించి తర్వాత చెబుతాను.

అగాథా క్రిస్టీని క్రైమ్ కథల మహారాణి అంటారు. 66 డిటెక్టివ్ నవలలు, వందల కోట్ల ప్రతులు. ఆ లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి. నాకు మాత్రం ఆవిడ ముందు కాంపౌండరు, తర్వాతే నవలా రచయిత్రి. ఇక్కడ ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నదాన్ని కాబట్టి అలా అనిపిస్తుందేమో.

ఆవిడ పుట్టింది 1890 సెప్టెంబరు 15న, ఈ ఊళ్లోనే, ఆష్‌ఫీల్డ్ అనే పెద్ద ఇంట్లో. తండ్రి ఫ్రెడరిక్ మిల్లర్ అమెరికన్. పెద్దల ఆస్తి మీద వచ్చే డబ్బుతో బతికిన మనిషి, ఉద్యోగం అన్నది ఎరగడు. తల్లి క్లారాకి ఒక వింత నమ్మకం ఉండేది, పిల్లలు ఎనిమిదేళ్లు వచ్చేదాకా చదవడం నేర్చుకోకూడదని. కూతురు అంత ఆగలేదు. అయిదేళ్లకే తనంతట తాను అక్షరాలు కూడబలుక్కుని చదివేసింది. పద్ధతిగా బడికి పోయింది తక్కువ. అక్క మ్యాడ్జ్, అన్న మాంటీ తనకన్నా చాలా పెద్దవాళ్లు కావడంతో ఊహల్లో స్నేహితులను చేసుకుని తోటలో ఒంటరిగా ఆడుకునేది. పదకొండేళ్లప్పుడు తండ్రి పోయాడు. డబ్బు తగ్గింది. ఇల్లు అమ్మేద్దామంటే పిల్లలు ఒప్పుకోలేదు.

పారిస్‌లో సంగీతం నేర్చుకుంది. పియానో బాగా వాయించేది, కానీ నలుగురి ముందు కూర్చుంటే చేతులు వణికేవి. ఈ బిడియం ఆవిణ్ని చివరిదాకా వదల్లేదు. ఒకసారి లండన్‌లోని సవోయ్ హోటల్లో ఆవిడ నాటకం గౌరవార్థమే పెద్ద విందు జరిగింది. తలుపు దగ్గర మనిషి ఆవిణ్ని గుర్తుపట్టక లోపలికి పంపలేదు. ఈ పార్టీ నా కోసమే బాబూ అని చెప్పడానికి నోరు రాక, వెనక్కి తిరిగి పక్కన తచ్చాడింది ఆ మహా రచయిత్రి. అప్పటికి ఆవిడకు అరవై దాటాయి.

1914 క్రిస్మస్‌కి ముందు రోజు ఆర్చీ క్రిస్టీని పెళ్లి చేసుకుంది. అతను సైన్యంలో విమాన దళం మనిషి. పెళ్లయిన రెండు మూడు రోజులకే ఫ్రాన్స్‌లో యుద్ధానికి తిరిగి వెళ్లిపోయాడు. టోర్కీ టౌన్ హాల్లో మంచాలు వేసి ఆసుపత్రి పెట్టారు కదా, అక్కడ అగాథా అప్పటికే జీతం లేని నర్సు. గదులు తుడిచింది, కట్లు కట్టింది, ఆపరేషన్ గదిలో కళ్లు తిరిగి పడబోయి తమాయించుకుంది. తర్వాత మందుల గదికి మారింది.

ఆ రోజుల్లో మందుల గదిలో పని అంటే డబ్బాలోంచి స్ట్రిప్పు తీసి కవర్లో వేయడం కాదు. ప్రతిదీ చేత్తో నూరాలి, తూయాలి, కరిగించాలి. లేపనాలు పలక మీద కలపాలి. ఆర్సెనిక్, స్ట్రిక్నిన్ లాంటి విషాలు కూడా కొద్ది కొద్దిగా మందుల్లో వాడేవారు. అర చెంచాకీ పావు చెంచాకీ మధ్య మనిషి ప్రాణం ఉండేది. పరీక్ష కోసం అగాథా, తోటి కాంపౌండరు కలిసి ఆర్సెనిక్‌ని పట్టే మార్ష్ పరీక్షను కాఫీ యంత్రంతో అభ్యాసం చేయబోతే ఆ యంత్రం కాస్తా పేలిపోయింది. అయినా 1917లో లండన్‌లో అపాథికరీస్ హాల్ పరీక్ష పాసై పూర్తి అర్హత తెచ్చుకుంది.

ఆ పరీక్షకు తయారయ్యేటప్పుడు, ఊళ్లో మంచి పేరున్న ఒక మందుల షాపాయన దగ్గర ఆదివారాలు శిక్షణకు వెళ్లేది. అక్కడ జరిగిన సంగతి ఆవిడ తన ఆత్మకథలో రాసుకుంది. మా వృత్తిలో ఉన్నవాళ్లెవరూ ఆ పేజీ చదివి మామూలుగా తర్వాతి పేజీకి పోలేరు.

ఆయన మలద్వారంలో పెట్టే మందు గుళికలు చేసి చూపించాడు. లోపల వేసేది బలమైన మందు. అప్పట్లో ఇంగ్లండ్‌లో అందరూ గ్రెయిన్లు, డ్రామ్‌ల లెక్కలో తూచేవారు. ఆయన మాత్రం కొత్తగా మెట్రిక్ లెక్క వాడేవాడు. అగాథా పక్కన నిలబడి చూస్తోంది. దశాంశ బిందువు ఒక స్థానం పక్కకు జరిగినట్టు ఆమెకు అనిపించింది. మనసులోనే మళ్లీ లెక్క కట్టింది. అనుమానం లేదు. వేయాల్సినదానికి పది రెట్లు పడింది. ఆయన గుళికలు చల్లార్చి, డబ్బాలో పెట్టి, లేబుల్ రాసి, అలమరలో పెట్టమన్నాడు.

ఇప్పుడేం చేయాలి? ఆయన ఊళ్లోకల్లా అనుభవమున్న మందుల మనిషి. ఈమె పాతికేళ్ల విద్యార్థిని. తప్పని చెబితే ఆయన ఒప్పుకునే రకం కాదని ఆమెకు తెలుసు. చెప్పకపోతే రేపు ఎవరో ఒకరు అది వాడి చచ్చిపోతారు. అందుకని కాలు జారినట్టు నటించి ట్రే మొత్తం కింద పడేసింది. అంతటితో ఆగకుండా వాటిని కాలితో గట్టిగా తొక్కేసింది. అయ్యో క్షమించండి, ఎంత పని చేశానో అని బతిమాలుకుంది. ఆయన, పోనీలెమ్మని మళ్లీ చేశాడు, ఈసారి సరైన లెక్కతో.

ఇదే ఆయన జేబులో ఒక ముదురు రంగు ముద్ద పెట్టుకుని తిరిగేవాడు. ఒకసారి తీసి చూపించాడు కూడా. అది క్యురారే, దక్షిణ అమెరికాలో బాణాలకు పూసే విషం. ఎందుకు దగ్గర పెట్టుకుంటారంటే, అది జేబులో ఉంటే తనకు బలం ఉన్నట్టు అనిపిస్తుందని అన్నాడట. చూడ్డానికి గులాబీ రంగు బుగ్గలు, మెత్తని మాట, అందరికీ మంచివాడు. ఆ మనిషి అగాథా మనసులో నలభై ఏళ్లకు పైగా ఉండిపోయాడు.

ఈ దేశానికి వచ్చిన కొత్తలో నాకూ అలాంటిదే ఎదురైంది. ఏ ఆసుపత్రో, ఎవరో అనవసరం. పసిబిడ్డకు ఇచ్చే మందు లెక్క. కట్టింది నాకన్నా పదిహేనేళ్లు సీనియర్. బిందువు తప్పు చోట ఉంది. అక్కడే రెండో సంతకం నేను చేయాలి. మన దగ్గర పెరిగినవాళ్లకు పెద్దవాళ్లను మీరు తప్పు చేశారనడం ఎంత కష్టమో నేను చెప్పక్కర్లేదు. దానికి తోడు నా ఇంగ్లీషు మీద నాకే నమ్మకం లేదు. అర నిమిషం అలాగే నిలబడ్డాను. చివరికి, నాకు ఈ లెక్క సరిగ్గా అర్థం కాలేదండీ, ఇంకోసారి చెప్పరా అని అడిగాను. ఆవిడ మొదటి గీత నుంచి చెప్పడం మొదలుపెట్టి, మూడో గీత దగ్గర ఆగిపోయింది. నా వంక ఒకసారి చూసింది. తర్వాత ఆవిడే స్వయంగా పొరపాటు నివేదిక ఫారం నింపింది. కొన్నాళ్లకు ఆత్మకథలో ఆ గుళికల కథ చదివినప్పుడు నాకు తాతయ్య నవ్వు గుర్తొచ్చింది. ఆయన ఎన్ని ట్రేలు జారవిడిచాడో మరి.

ఇక నవలల సంగతి. డిటెక్టివ్ కథ రాయడం నీ వల్ల కాదని అక్క మ్యాడ్జ్ ఎప్పుడో పందెం వేసినట్టు అంది. మందుల గదిలో పని ఒక్కసారిగా మీద పడేది, లేదంటే గంటల తరబడి ఖాళీ. చుట్టూ అలమరల నిండా విషాలు. కాబట్టి హత్య విషంతోనే జరగాలని నిర్ణయించుకుంది. బెల్జియం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులు టోర్కీలో చాలామంది తలదాచుకున్నారు. వాళ్లలో ఒక రిటైరైన పోలీసు అధికారి ఉంటే ఎలా ఉంటుందనుకుంది. అలా పుట్టాడు హెర్క్యూల్ పోయిరో. గుడ్డు ఆకారం తల, మెలితిప్పిన మీసం, అతి శుభ్రం. ఇంగ్లీషువాళ్లు ఎప్పుడూ తక్కువగా అంచనా వేసే పరాయి దేశపు మనిషి. ఆ తేలిక భావాన్నే ఆసరా చేసుకుని అతను నిజం రాబడతాడు. వలస వచ్చినవాళ్లం కదా, ఈ కిటుకు మనకి ఇట్టే అర్థమవుతుంది.

మొదటి నవల 'ది మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్' 1916లో రాసింది. డార్ట్‌మూర్ కొండల్లో ఒక హోటల్లో రెండు వారాలు కూర్చుని, మధ్యాహ్నాలు నడుస్తూ పాత్రల మాటలు పైకి పలుక్కుంటూ పూర్తి చేసింది. కొందరు ప్రచురణకర్తలు తిప్పి పంపారు. నాలుగేళ్ల తర్వాత గానీ అచ్చు కాలేదు. చేతికొచ్చింది 25 పౌండ్లు. పైగా తర్వాతి అయిదు పుస్తకాలూ ఆ సంస్థకే ఇవ్వాలని ఒప్పందం.

అందులో హత్య చేసిన తీరు చెబితే హంతకుడెవరో బయటపడదు కాబట్టి చెబుతున్నాను. ఆ ఇంటి పెద్దావిడ రోజూ స్ట్రిక్నిన్ కొద్దిగా కలిపిన టానిక్ తాగుతుంది. అందులో ఇంకో మందు, బ్రోమైడ్ పొడి, కలిపితే స్ట్రిక్నిన్ అంతా స్ఫటికాలుగా మారి సీసా అడుక్కి చేరుతుంది. పై మోతాదుల్లో ఏమీ ఉండదు, ఆఖరి మోతాదులో అంతా ఉంటుంది. ఇది కల్పన కాదు. కాంపౌండర్ల పాఠ్య పుస్తకాల్లో జాగ్రత్త కోసం చెప్పిన విషయమే. సీసా బాగా కుదిపి తాగాలని తాతయ్య ప్రతి ముసలమ్మకూ ఎందుకు చెప్పేవాడో నాకు ఆ నవలతో తెలిసింది. ఈ పుస్తకం మీద వచ్చిన సమీక్షల్లో అగాథాకి అన్నిటికన్నా గర్వం కలిగించింది సాహిత్య పత్రికల్లోది కాదు, మా వృత్తి పత్రిక ఫార్మాస్యూటికల్ జర్నల్‌లో వచ్చింది. విషం గురించి రాసినదంతా సరిగ్గా ఉందని వాళ్లు మెచ్చుకున్నారు.

1919లో కూతురు రోజలిండ్ పుట్టింది. 1922లో భర్తతో ప్రపంచ యాత్ర చేసింది. దక్షిణాఫ్రికాలోనూ హవాయిలోనూ పలకతో అలల మీద స్వారీ చేయడం నేర్చుకుంది. ముసలి అవతారంలో ఉన్న ఫొటోలే చూసిన మనకు ఇది నమ్మబుద్ధి కాదు.

1926 వచ్చింది. ఆ ఏడాది 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' అచ్చయ్యి పెద్ద దుమారం లేపింది. ఆ ఏడాదే తల్లి పోయింది. ఆష్‌ఫీల్డ్‌లో తల్లి సామాన్లు సర్దుతూ ఒంటరిగా కుంగిపోయి ఉన్నప్పుడు భర్త వచ్చి, తాను నాన్సీ నీల్ అనే అమ్మాయిని ప్రేమిస్తున్నానని, విడాకులు కావాలని అడిగాడు. డిసెంబరు 3 రాత్రి అగాథా తన మోరిస్ కారు వేసుకుని ఇంట్లోంచి వెళ్లిపోయింది. మర్నాడు సర్రేలోని న్యూలాండ్స్ కార్నర్ దగ్గర కారు దొరికింది, అందులో ఆమె కోటు ఉంది, మనిషి లేదు. దేశమంతా వెతికింది. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కోనన్ డాయల్ ఆమె చేతి తొడుగు ఒకటి తీసుకెళ్లి ఆత్మలతో మాట్లాడే ఒకాయనకు చూపించాడు. పదకొండు రోజుల తర్వాత ఉత్తరాన హారోగేట్‌లో ఒక హోటల్లో కనిపించింది. రిజిస్టరులో రాసుకున్న ఇంటి పేరు నీల్. కేప్‌టౌన్ నుంచి వచ్చానని చెప్పుకుంది. జ్ఞాపకం పోయిందన్నారు డాక్టర్లు. ప్రచారం కోసం నాటకమాడిందని పత్రికలు రాశాయి.

ఆ పదకొండు రోజుల మీద పుస్తకాలు వచ్చాయి, సినిమా వచ్చింది. ఆవిడ మాత్రం ఆత్మకథలో ఆ సంగతి ఎత్తనే లేదు. అది ఆవిడ ఇష్టం అని నేననుకుంటాను. మన వాళ్లలోనూ చూస్తుంటాం. పరాయి దేశంలో ఒక ఆడమనిషి కాపురం చెదిరితే, ఆ మనిషికి భోజనం పట్టుకెళ్లేవాళ్లకన్నా కారణం కనుక్కునేవాళ్లే ఎక్కువ. ఆ ఆరా ఎంత బరువో ఈవిడ కథలో తెలుస్తుంది. దేశం మొత్తం కారణం కనుక్కోవాలని చూసింది.

నాకు ఆ పదకొండు రోజులకన్నా తర్వాతి పదకొండు నెలలు ముఖ్యం. చేతిలో డబ్బు లేదు, చంటిది కాకపోయినా కూతురు ఏడేళ్లది. 1927 మొదట్లో కూతుర్నీ సెక్రటరీనీ తీసుకుని కానరీ దీవులకు వెళ్లి 'ది మిస్టరీ ఆఫ్ ది బ్లూ ట్రైన్' రాసే పనిలో పడింది. మనసు లేదు, కథ మీద ఇష్టం లేదు, కానీ రాయాలి. ఆ పుస్తకం ఆవిడకు చివరిదాకా నచ్చలేదు. కానీ సరదాకి రాసే మనిషి నుంచి వృత్తిగా రాసే మనిషిగా తాను మారింది అప్పుడేనని తర్వాత చెప్పుకుంది. రాయబుద్ధి కానప్పుడు కూడా రాయడం, రాస్తున్నది నచ్చకపోయినా రాయడం. నైట్ డ్యూటీలు చేసేవాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన మాట కాదు.

1928లో విడాకులొచ్చాయి. వెస్టిండీస్‌కి టికెట్ కొనుక్కుంది. బయల్దేరడానికి రెండు రోజుల ముందు ఒక విందులో ఎవరో బాగ్దాద్ గురించి చెప్పారు. ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైల్లో వెళ్లొచ్చని తెలిసి పొద్దున్నే ఆ టికెట్ రద్దు చేసుకుని ఇటు మార్చుకుంది. ముప్పై ఎనిమిదేళ్ల ఆడమనిషి, ఒంటరిగా, ఆ కాలంలో! ఇరాక్‌లో ఉర్ తవ్వకాలు చూడ్డానికి వెళ్లింది. 1930లో రెండోసారి వెళ్లినప్పుడు అక్కడ పనిచేస్తున్న మ్యాక్స్ మ్యాలొవన్ అనే యువకుణ్ని ఆమెకు చుట్టుపక్కల ప్రాంతాలు చూపించమని పంపారు. ఆమెకన్నా దాదాపు పద్నాలుగేళ్లు చిన్నవాడు. అతను పెళ్లి మాట ఎత్తితే ఆమె చాలా వెనకాడింది. ఆ సెప్టెంబరు 11న ఎడిన్‌బరోలో పెళ్లి చేసుకున్నారు, ఇంకో నాలుగు రోజుల్లో ఆమెకు నలభై నిండుతాయనగా. ఆ కాపురం ఆమె పోయేదాకా, నలభై అయిదేళ్లు నిలిచింది.

ఆ ఏడాదే మిస్ మార్పుల్ మొదటి నవల 'ది మర్డర్ ఎట్ ది వికరేజ్' వచ్చింది. మార్పుల్‌ని చదివినప్పుడల్లా నాకు మా వీధి అరుగులే గుర్తొస్తాయి. వత్తులు చేసుకుంటూ కూర్చుని, ఎవరింటికి ఎవరొచ్చారో, ఏ అల్లుడు మొహం మాడ్చుకుని వెళ్లాడో, కోడలి గాజుల్లో రెండు ఎప్పుడు తగ్గాయో చెప్పగల పెద్దమ్మలు. వాళ్ల చేతిలో అల్లిక సూదులు పెడితే సెయింట్ మేరీ మీడ్ గ్రామమే.

తర్వాత పాతికేళ్లు ఆవిడ సగం ఇంగ్లండ్‌లో, సగం సిరియా, ఇరాక్ ఇసుకలో. భర్త తవ్వేవాడు, ఆవిడ ఫొటోలు తీసేది, కూలీలకు చిన్న చిన్న గాయాలైతే మందులు వేసేది, మిగిలిన టైములో టైప్ చేసేది. 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్', 'డెత్ ఆన్ ది నైల్' ఆ రోజులవే. నిమ్రూద్‌లో బయటపడ్డ దాదాపు మూడు వేల ఏళ్ల నాటి దంతపు బొమ్మల్ని తన ఫేస్ క్రీమ్‌తో ఓపిగ్గా శుభ్రం చేసింది. లేపనం ఎంత రాయాలో తెలిసిన చెయ్యి కదా.

అన్నీ మెచ్చుకోవడానికి లేదు. ఆవిడ పాత నవలల్లో యూదుల గురించి, నల్లవాళ్ల గురించి, మనలాంటి తూర్పు దేశాలవాళ్ల గురించి పాత్రల నోట వచ్చే మాటలు ఇప్పుడు చదివితే గొంతులో ముల్లులా తగులుతాయి. 1939లో వచ్చిన, అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయిన నవలకు మొదట పెట్టిన పేరులోనే నల్లజాతివారిని కించపరిచే మాట ఉంది. అమెరికాలో మరుసటి ఏడాదే 'అండ్ దెన్ దేర్ వర్ నన్' అని మార్చారు, ఈ దేశంలో మాత్రం 1980ల దాకా పాత పేరే నడిచింది. మా అమ్మాయికి ఆ పుస్తకం ఇచ్చినప్పుడు ఈ సంగతి కూడా చెప్పే ఇచ్చాను.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆవిడ పేరు తెలియని ఇంగ్లీషు ఇల్లు లేదు. భర్త ఉత్తర ఆఫ్రికాలో ఉద్యోగం మీద ఉన్నాడు. డార్ట్ నది ఒడ్డున ముచ్చటపడి కొనుక్కున్న గ్రీన్‌వే ఇంటిని సైన్యం తీసుకుంది. లండన్ మీద బాంబులు పడుతున్నాయి. ఆవిడ చేసిన పని ఏమిటంటే, మందుల పాఠాలు మళ్లీ తిరగేసి, యూనివర్సిటీ కాలేజ్ హాస్పిటల్ డిస్పెన్సరీలో చేరింది. పగలు మందులు ఇచ్చేది, మిగతా వేళ రాసేది. బాంబుకు తాను పోతే ఇంట్లోవాళ్లకు ఆసరాగా ఉంటుందని రెండు నవలలు రాసి భద్రంగా దాచింది. ఒకటి భర్తకు, ఒకటి కూతురికి. కూతురి కోసం దాచిన 'కర్టెన్' 1975లో బయటికొచ్చి, అందులో పోయిరో చనిపోతే, న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో అతనికి సంతాప వార్త వేసింది. లేని మనిషికి!

'ది మౌస్‌ట్రాప్' నాటకం 1952 నవంబరులో లండన్‌లో మొదలైంది. కోవిడ్ మూసేసిన ఏడాది తప్ప ఇంతవరకూ ఆగలేదు. దాని హక్కులు చిన్నవాడైన మనవడికి రాసిచ్చింది. మీరు లండన్ వెళితే చూడండి, చివర రహస్యం ఎవరికీ చెప్పొద్దని వాళ్లే అడుగుతారు. నేనూ చెప్పను.

1961లో 'ది పేల్ హార్స్' వచ్చింది. జేబులో విషం పెట్టుకుని తిరిగిన ఆ టోర్కీ మందుల షాపాయన జ్ఞాపకం ఇందులోకి వచ్చి చేరింది. ఇందులోని విషం థాలియం. చదవాలనుకునేవాళ్లు నన్ను క్షమించాలి, ఇది చెప్పకుండా మిగతా కథ చెప్పలేను. థాలియంకు రంగు లేదు, రుచి లేదు. ఒంట్లో చేరితే ఒక్కొక్కరిలో ఒక్కో జబ్బులా కనిపిస్తుంది. ఒకరికి నరాల నొప్పి, ఒకరికి కడుపు, ఇంకొకరికి మూర్ఛ. అందరిలోనూ కామన్‌గా ఉండేది ఒక్కటే, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోవడం. ఆవిడ ఆ లక్షణాన్ని నవలంతా అక్కడక్కడా కళ్లెదుటే పెట్టింది, మనం పట్టించుకోనట్టుగా. 1972లో ఈ దేశంలో థాలియంతో తోటి ఉద్యోగుల్ని చంపిన ఒకడి మీద విచారణ జరిగినప్పుడు పత్రికలు ఈ నవలను ప్రస్తావించాయి. విషాల గురించి ఇంత వివరంగా రాయొచ్చా అన్న ప్రశ్న ముసలితనంలో ఆవిణ్ని వెంటాడింది.

1971లో డేమ్ బిరుదు వచ్చింది. 1976 జనవరి 12న వాలింగ్‌ఫర్డ్ దగ్గర తన ఇంట్లో కన్ను మూసింది. ఎనభై అయిదేళ్లు. చోల్సీ అనే పల్లె చర్చి ఆవరణలో సమాధి. ఆక్స్‌ఫర్డ్ వైపు ఉండే మనవాళ్లు రైల్లో వెళ్లి రావచ్చు.

పుట్టిన ఇల్లు ఆష్‌ఫీల్డ్ ఇప్పుడు లేదు. 1960ల్లో కూలగొడుతున్నారని తెలిసి కొనాలని చూసింది కానీ అప్పటికే ఆలస్యమైంది. టోర్కీలో చూడదగ్గది నా లెక్కలో టోర్ యాబీ తోట. ఆవిడ కథల్లోని విషపు మొక్కలతో అందులో ఒక భాగం పెంచారు. ఆసుపత్రికి కొత్తగా చేరిన ట్రైనీలను తీసుకెళ్లి చూపిస్తుంటాను. ఆ తోటలో నిలబడే వాళ్లకు ఈ చివరి సంగతి చెబుతాను.

ఆవిడ పోయిన మరుసటి ఏడాది, 1977లో, ఖతార్ నుంచి పందొమ్మిది నెలల పసిపాపను విమానంలో లండన్ తీసుకొచ్చి హామర్‌స్మిత్ హాస్పిటల్లో చేర్చారు. సగం స్పృహలో ఉంది. బీపీ పెరుగుతోంది, ఊపిరి కష్టమవుతోంది. ఏ పరీక్షలోనూ ఏమీ తేలలేదు. పెద్ద డాక్టర్లు మంచం చుట్టూ నిలబడి తలలు పట్టుకున్నారు. పాపను చూసుకుంటున్న నర్సు ఆ రోజుల్లో డ్యూటీలో ఖాళీ దొరికినప్పుడల్లా 'ది పేల్ హార్స్' చదువుతోంది. పాప జుట్టు ఊడుతుండటం చూసింది. డాక్టర్ల రౌండ్లలో నోరు విప్పి, ఇది థాలియం కావచ్చేమో అని చెప్పింది.

ఆమె ట్రే జారవిడవలేదు, నాలాగా అర్థం కానట్టూ నటించలేదు. డాక్టర్లు కూడా నవ్వేసి ఊరుకోలేదు. నమూనా పరీక్షకు పంపితే థాలియమే అని తేలింది. ఇంట్లో బొద్దింకలకూ ఎలుకలకూ వాడిన మందు పాప నోట్లోకి వెళ్లింది. వైద్యం మొదలయ్యాక పాప కోలుకుంది. ఆ కేసు గురించి వైద్య పత్రికలో రాసిన డాక్టర్లు చివర కృతజ్ఞతల్లో, లక్షణాలను అంత చక్కగా వర్ణించినందుకు అగాథా క్రిస్టీ పేరు రాశారు. పక్కనే ఆ నర్సు పేరు కూడా.